మూత దగ్గర మనిషి

పన్నెండు గంటల పద్నాలుగు నిమిషాలకు సూర్యుడు నెత్తి మీదికి వస్తాడు. అప్పుడు మనిషి నీడ మనిషి కాళ్ళ కిందే ఉంటుంది, పక్కవాళ్ళ మీద పడదు, పైనుంచి చూసేవాళ్ళకి నల్ల గుడ్డ నల్లగా, తెల్ల గుడ్డ తెల్లగా కనిపిస్తుంది. ఈ లెక్క కట్టింది నేనే. ఇప్పుడు పదకొండుంబావు, అంటే ఇంకా గంట. ఈ గంటలో పదహారు వందల మంది తమ తమ గళ్ళలోకి రావాలి. అందులో ఒకరు మా నాన్న. వస్తానని ఆయన అనలేదు, రానని కూడా అనలేదు. మొన్న కార్డు చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి చూసి చొక్కా జేబులో వేసుకున్నాడు, అంతే. కార్డు మీద నా చేతిరాతతో పదకొండో వరస, రెండో గడి అని ఉంది. మూడో గడిలో మా పిన్ని ఉంటుంది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు, ఆమెకూ చెప్పలేదు. పన్నెండేళ్ళుగా మాటల్లేని ఇద్దరిని ముప్పావు మీటరు దూరంలో నిలబెడితే ఏదో ఒకటి జరుగుతుందని అనుకున్నాను. సర్వే చదివినవాళ్ళకి ఇలాంటి భ్రమలుంటాయి, కాగితం మీద రెండు చుక్కలు పక్కపక్కన పెడితే నేల మీద కూడా అవి పక్కపక్కనే ఉంటాయని.

ఈ మైదానాన్ని గళ్ళు కొట్టడానికి మూడు రోజులు పట్టింది. మధ్యలో మేకు దిగ్గొట్టి, దానికి తాడు కట్టి, పదిహేడు మీటర్ల దగ్గర పట్టుకుని చుట్టూ తిరుగుతూ సున్నం పోశాను, తర్వాత అడ్డంగా నిలువుగా దారాలు లాగి ప్రతి మూలా ఒక చుక్క. దారానికి సున్నం పట్టించి నేలకేసి కొడితే గీత పడుతుంది, ఆ చప్పుడు నాకిష్టం, ఒకే ఒక్క దెబ్బ, ఇక వాదన లేదు. బొమ్మ వేసిన చిత్రకారిణి మొదటి రోజు ఒక చిన్న కాగితం తెచ్చి నా ముందు పెట్టింది: నల్లటి వృత్తం, అందులోంచి పైకి చాచిన తెల్లటి చెయ్యి. మ్యాన్‌హోల్. లోపలున్న మనిషి. ఇక మీదట ఏ మనిషినీ అందులోకి దించొద్దని అడగడం కోసం ఈ బొమ్మ. దిగినవాళ్ళు, దిగి రానివాళ్ళ ఇళ్ళవాళ్ళు, వాళ్ళ కోసం వచ్చిన నర్సులు, కాలేజీ పిల్లలు, బస్సు కండక్టర్లు, అందరూ తలో గడిలో నిలబడి తలో మీటరు గుడ్డ నెత్తి మీద ఎత్తి పట్టుకుంటారు, క్రేను బుట్టలోంచి ఫొటో తీస్తారు. "ఎంతమంది కావాలి?" అని అడిగింది. నేను వేలి మడతల మీద లెక్క పెట్టి చెప్పాను. ఆమె నా వంక వింతగా చూసి, "మీరెక్కడ పని చేస్తారు?" అంది. చెప్పాను, నగర కార్యాలయంలో, మురుగునీటి విభాగంలో, మ్యాపులు గీస్తానని. నా మ్యాపుల్లో మ్యాన్‌హోల్ అంటే రెండు మిల్లీమీటర్ల సున్నా, పక్కన దాని నెంబరు, కింద లోతు. ఆరేళ్ళలో ఎన్ని వేల సున్నాలు చుట్టానో తెలీదు. పైనుంచి చూడటం నా ఉద్యోగం. అలా చూసినప్పుడు మనిషి కనిపించడు, మనిషిని రాయడానికి మ్యాపులో చోటు కూడా ఉండదు.

జనం వస్తున్నారు. నర్సులు ఒక గుంపుగా వచ్చారు, నల్ల గుడ్డల రంగు అప్పుడే చేతులకంటుకుంటోందని ఒకావిడ అరచేతులు చూపించింది. ఇంకొకావిడ, "పైనుంచి తీస్తారు గదా, పోనీలే, జన్మలో మొదటిసారి ఫొటోకి ముఖం కడుక్కోనక్కర్లేదు" అంటే, వెనకనుంచి కండక్టరు, "ముఖం సంగతి మీకు, నా బట్టతల సంగతేంటండీ, పైనాయన నన్ను తెల్ల గుడ్డ లెక్కలో వేసుకుంటే?" అన్నాడు. పైనాయన అంటే ఫొటోగ్రాఫరు. పొద్దుటినుంచి క్రేను బుట్టలోనే ఉన్నాడు, కిందికి దిగడు, దిగితే మళ్ళీ ఎక్కాలంటే భయమట. నా చేతిలోని వాకీటాకీలో ఆయన గొంతు అప్పుడప్పుడూ గరగరమంటుంది. ఇంకో చేతిలో మైకు, చివర్లో నేను మూడు లెక్కపెడితే అందరూ ఒక్కసారి గుడ్డలెత్తాలి. జాబితా అట్ట చంకలో. నడుస్తుంటే జాబితా జారుతోంది, నేను జాబితా జారకుండా చూసుకుంటున్నాననుకుంటారు అందరూ, నేను చూస్తున్నది గేటు వైపు.

నాన్న కంటే ముందు పిన్ని వచ్చింది. వస్తూనే నా గడ్డం కింద పట్టుకుని ముఖం ఎండకేసి తిప్పి, "ఏమైనా తిన్నావా, లేకపోతే సున్నమే తిన్నావా?" అంది. చెంప మీది సున్నం కొంగుతో తుడిచింది. ఎప్పుడూ ఇంతే. బాబాయి, అంటే నాన్న తమ్ముడు, పోయాక మా ఇంటి గుమ్మం తొక్కడం మానేసింది గాని నన్ను మానలేదు. కాలేజీ హాస్టలుకు వచ్చేది, గదిలో కూర్చుని నా తల దువ్వేది, నాకు పట్టా ఇచ్చిన రోజు హాల్లో వెనక వరసలో కూర్చుని, బయటికొచ్చాక నన్ను పట్టుకుని ఏడ్చింది, మీ బాబాయి ఉంటే ఎంత పొంగిపోయేవాడోనే అని. మా అమ్మా నాన్నా రెండు గజాల అవతల నిలబడి ఉన్నారు. ఆమె అటు చూడలేదు. మా నాన్న గురించి చెప్పాల్సి వస్తే "ఆ మనిషి" అంటుంది, అంతకు ముందొక ఏడాదిపాటు వీధిలో నిలబడి ఇంకా చాలా అంది, తాగుబోతు, మా ఆయన్ని గుంటలో వదిలేసి తాగడానికి పోయినవాడు, అన్న కాదు పగవాడు. వీధి వీధంతా వింది. నాన్న లోపల కూర్చుని విన్నాడు. నేను పక్క గదిలో పుస్తకం ముందు పెట్టుకుని విన్నాను.

"నా పక్కన ఎవరే?" అంది పిన్ని మూడో గడిలో నిలబడి, ఖాళీగా ఉన్న రెండో గడి వంక చూస్తూ. "వస్తారు" అన్నాను. వాకీటాకీ గరగరమంది, ఏదో పని ఉన్నట్టు పక్కకు నడిచాను.

ఏం పని. నాకు ఆ రోజు కాలేజీ ఆఫీసు వరండాలోని చెక్క బల్ల గుర్తుకొస్తోంది. తండ్రి స్వయంగా వచ్చి గుమాస్తా ఎదుట సంతకం పెట్టాలి, అదే ఆఖరి రోజు. నాన్న పనిలోంచి నేరుగా వచ్చాడు. వస్తూ ఎక్కడో కుళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కున్నాడు, సబ్బు వాసన వస్తోంది, కాగితానికి మరక అంటుకుంటుందని చేతులు ఒళ్ళో పైకి తిప్పి పెట్టుకుని కూర్చున్నాడు, ఆరబెట్టుకుంటున్నట్టు. గుమాస్తా టీకి వెళ్ళాడు. పది నిమిషాలు, ఇరవై, నలభై. "పనికి ఆలస్యమవుతుందేమో నాన్నా" అన్నాను. "సూపర్‌వైజరే గంట సేపు వెళ్ళిరమ్మన్నాడులే, నువ్వొచ్చేదాకా ఎవర్నీ దించనన్నాడు" అన్నాడు. దరఖాస్తులో తండ్రి వృత్తి అన్నచోట నేను ప్రభుత్వ ఉద్యోగి అని రాశాను, ఆయన అది చదివాడు. చివరికి గుమాస్తా వచ్చాడు. నాన్న తన పేరు నిదానంగా, ఒక్కో అక్షరం గీసినట్టు రాసి, "పెన్ను బాగా రాస్తోందండీ" అన్నాడు గుమాస్తాతో. అంత సంతోషంగా ఉన్న మా నాన్నను మళ్ళీ చూడలేదు.

ఆ నలభై నిమిషాల్లో బాబాయిని దించారు. ఆ వీధికి మధ్యాహ్నం ఎవరో పెద్ద ఆఫీసరు వస్తున్నాడు, అందుకని. నలుగురి జట్టు. ఒకరు దిగితే ఒకరు మూత దగ్గర కదలకుండా నిలబడి లోపలికి చూస్తుండాలి, ఆ రోజు అది నాన్న వంతు. మిగతా ఇద్దర్ని పక్క మ్యాన్‌హోల్ దగ్గరికి పంపి, పైన మనిషి లేకుండానే బాబాయిని దిగమన్నాడు సూపర్‌వైజరు. లోపలి గాలికి బాబాయి కూలబడితే పైన చూసేవాళ్ళెవరూ లేరు, తెలిసేసరికి అరగంట. ముందు రోజు ఎవరింట్లోనో విందు జరిగింది, జట్టంతా ఎంతో కొంత తాగారు, అందుకే సూపర్‌వైజరు రాసింది అందరూ తేలిగ్గా నమ్మారు. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో రికార్డు గదికి వెళ్ళి ఆ ఫైలు తీశాను. ఒకటిన్నర పేజీ. పైన ఉండవలసిన వ్యక్తి మద్యం మత్తులో విధులకు గైర్హాజరు. కింద నాన్న సంతకం, కాలేజీలో పెట్టిన సంతకమే, అదే నిదానం. ఎందుకు పెట్టావని అడగలేదు, నాకు తెలుసు కాబట్టి. బాబాయి పోయిన వారం అమ్మతో అంటుంటే విన్నాను: "పిల్ల కోసం వెళ్ళానని చెబితే రేపటినుంచి మరదలికి దీన్ని చూసినప్పుడల్లా వాడే గుర్తొస్తాడు. దీన్ని కచేరీల చుట్టూ సాక్ష్యానికి తిప్పుతారు. చదువు కానీ." సరే, చదువు కానీ అనుకున్నాను. చదువయ్యాక ఉద్యోగం రానీ, ఉద్యోగం వచ్చాక అది ఖాయం కానీ. ఒక మనిషి ఒక నిజాన్ని ఎంత కాలం వాయిదా వేయగలడో నన్ను అడగండి. ప్రతి వాయిదాకీ నా దగ్గర మంచి కారణం ఉంది, పైగా ప్రతి సెలవులోనూ పిన్ని వచ్చి నా తల దువ్వుతూనే ఉంది.

"మేడమ్." వాకీటాకీ. "మీ వృత్తానికి ఎడమవైపు చెదలు పట్టినట్టుంది. అక్కడక్కడా నేల కనిపిస్తోంది. నలభై దాకా ఖాళీలు."

పన్నెండుకు పది నిమిషాలు తక్కువ. ఎడమవైపంటే పనివాళ్ళ వైపు. జాబితాలో అందరి హాజరూ పడింది, గేటు దగ్గర కార్డులన్నీ చింపాం, మరి నలభై మంది ఎక్కడ. పరుగెత్తాను. సున్నపు గీత బయట, వృత్తం పొడవునా, కొద్ది కొద్ది దూరంలో ఒక్కొక్కళ్ళు నిలబడి ఉన్నారు, గుడ్డ భుజాన వేసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, లోపలికి చూస్తూ. ప్రతి నలుగురి జట్టుకూ ఒకళ్ళు. ఎవరూ చెప్పలేదు, ఎవరినీ అడగలేదు, వచ్చి అలా సర్దుకున్నారు.

"మేస్త్రిగారూ, ఏంటిది? మీవాళ్ళు గళ్ళలోకి వెళ్ళలేదు."

ఈ జట్లన్నిటికీ మేస్త్రి ఆయన, మా నాన్నకంటే రెండేళ్ళు పెద్ద, దగ్గు వస్తే ఆగి, దగ్గి, మళ్ళీ మొదలుపెడతాడు. "అందరం దిగితే పైన ఎవరుంటారమ్మా?"

"ఇది బొమ్మ మేస్త్రిగారూ. నేలే. గుంట లేదు."

"తెలుసు తల్లీ, నాకంత మతి పోలేదు." నవ్వాడు. "చెప్పి చూశాను కూడా. ఒక్కడూ వినడే. ఆ నల్లటి దాంట్లోకి అందరూ ఒకేసారి వెళ్ళాలంటే కాళ్ళు రావట్లేదంటున్నారు. నాక్కూడా రాలేదు, అబద్ధమెందుకు."

నాకు కోపం రావాల్సింది, మూడు రోజులు దారాలు లాగినదాన్ని, రాలేదు. నలభై ఖాళీల్లోకి కాలేజీ పిల్లల్ని సర్దొచ్చు, గీత బయట ఉన్నవాళ్ళని పైనుంచి చూస్తే అంచు చుట్టూ చుక్కల్లా ఉంటారు, ఉండనీ. అలా అనుకుంటూ ఆ చుక్కల వెంట చూపు పోనిచ్చి, పదకొండో వరసకు ఎదురుగా ఆగిపోయాను. మా నాన్న. ఎప్పుడొచ్చాడో. కార్డు ఇచ్చిన గడి ఖాళీగా ఉంది, ఆయన గీత బయట ఉన్నాడు. పన్నెండేళ్ళలో, పోయినేడు రిటైరయ్యేదాకా, ఆయన ఒక్కసారి కూడా మూత దగ్గర నిలబడలేదు. ఎవరైనా నిలబడమంటే నేను దిగుతాననేవాడు, ఎవరి వంతైనా తానే దిగేవాడు, అలాగే ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. ఈ రోజు ఎవరూ అడగకుండా నిలబడ్డాడు. నడుం నిటారుగా. పిన్ని వీపుకు రెండు గజాల దూరంలో.

పిన్ని తిరిగి చూసింది.

నేను చేరుకునేసరికి నల్ల గుడ్డ నాలుగు మడతలు పెట్టేసింది. గొంతు పెంచలేదు, అందుకే నాకు భయం వేసింది. "నన్ను ఇక్కడ పెట్టింది నువ్వేనా?"

"నేనే."

"ఆ మనిషి పైనుంటే నేను లోపల ఉండను. బొమ్మైనా సరే. అలా మీ బాబాయి ఉన్నది చాలు." చంకలో గుడ్డ పెట్టుకుని గళ్ళు దాటడం మొదలుపెట్టింది.

చెయ్యి పట్టుకున్నాను. నల్ల రంగు నా చేతికీ అంటుకుంది. పన్నెండేళ్ళుగా ఎలా మొదలుపెట్టాలో అనుకున్న మాటలు చాలా ఉన్నాయి, మొదట బాబాయి గురించి, తర్వాత నా గురించి, ఎంతో సర్దుగా, ఒక్కటీ రాలేదు. "నాన్న ఆ రోజు తాగలేదు పిన్నీ. కాలేజీకి వచ్చాడు. నా దరఖాస్తు మీద సంతకం పెట్టడానికి. సూపర్‌వైజరు వెళ్ళమంటేనే వచ్చాడు, వచ్చేదాకా ఎవర్నీ దించనన్నాడట."

చుట్టూ జనం గుడ్డలు విదిలించుకుంటున్నారు, ఎవరో ఎవరినో కాలు తొక్కావంటున్నారు. "సంతకానికి ఎంతసేపు పడుతుంది?" అంది పిన్ని.

"గుమాస్తా టీకి వెళ్ళాడు. నలభై నిమిషాలు."

"నలభై నిమిషాలు" అంది. ఆ నలభైని ఎక్కడ పెట్టాలో తెలీనట్టు మళ్ళీ ఒకసారి అంది. ఆమె నా మీద పడి ఏడుస్తుందని నేను అనుకున్నానా, క్షమిస్తుందనుకున్నానా, చదువుకున్నదాన్ని కదా, నిజం చెబితే దానికి తగిన ఫలితం వస్తుందని ఎక్కడో నమ్మకం. ఆమె తన చెయ్యి నా చేతిలోంచి లాక్కుంది.

"పన్నెండేళ్ళు బావగారిని నాచేత తాగుబోతని తిట్టించావు కదే."

చంకలోంచి జారుతున్న జాబితాను పైకి లాక్కున్నాను.

"నేను తిడుతుంటే లోపల కూర్చుని చదువుకున్నావు. హాస్టల్లో నీ తల దువ్వుతూ తిట్టాను, అప్పుడూ విన్నావు." గొంతు ఇంకా పెరగలేదు. "నేను ఇంట్లో మూల కూర్చుని తిట్టలేదు. వీధిలో నిలబడి తిట్టాను. వీళ్ళందరూ విన్నారు, ఈ మేస్త్రి విన్నాడు. నా చెవిలో చెబితే సరిపోతుందా? నీ చేతిలో ఏదో ఉందిగా."

మైకు. అవును, నా చేతిలో మైకు ఉంది. మూడు లెక్కపెట్టడానికి. వాకీటాకీలో పైనాయన, "మేడమ్, పన్నెండు దాటింది, నీడలు సరిగ్గా కుదిరాయి, ఎత్తమనండి" అంటున్నాడు. ఐదు నిమిషాలు ఆగమన్నాను. ఐదు నిమిషాలంటే ఎలాగండీ అన్నాడు. అవతల చిత్రకారిణి చెయ్యెత్తి ఏంటన్నట్టు అడుగుతోంది. ఈ మైకులో నేను చెప్పేది మా కార్యాలయం వాళ్ళు రేపటికి వింటారు. ఆ సూపర్‌వైజరు ఇప్పుడు మా విభాగంలోనే, రెండు గదుల అవతల, పెద్ద కుర్చీలో ఉన్నాడు, ప్రతి ఉదయం నేను ఆయనకు నమస్కారం పెడతాను, ఆయన నా మ్యాపుల మీద సంతకాలు పెడతాడు. ఒకటిన్నర పేజీ ఫైలు మళ్ళీ తెరవాలి, అందులో ఉన్నది అబద్ధమని స్వయంగా ఎరిగి చెప్పగలిగింది బతికున్నవాళ్ళలో నాన్న, నేను, ఆయన. రేపు ఉద్యోగం ఉంటుందా. నాన్నకు ఆ ఉద్యోగమంటే ఎంత గర్వం, బస్సులో పక్కనున్నవాళ్ళకి కూడా చెబుతాడు, మా అమ్మాయి మ్యాపులు గీస్తుందని. గీత బయటనుంచి ఆయన నన్నే చూస్తున్నాడు. మాటలు వినిపించి ఉండవు, మైకు వంకా పిన్ని వంకా చూసి గ్రహించాడు. కుడి చెయ్యి ముందుకు తెచ్చి, నడుం దగ్గరే, చిన్నగా, వద్దన్నట్టు ఆడించాడు. ఆ చెయ్యి వద్దంటే ఇన్నేళ్ళూ ఆగాను.

మైకు మీట నొక్కాను. కీచుమంది. పదహారు వందల తలలు నా వైపు తిరిగాయి, లెక్కపెడతాననుకుని గుడ్డలు సర్దుకున్నారు.

"గుడ్డలు ఒక్క నిమిషం దించండి" అన్నాను. "ఫొటోకి ముందు ఒక మాట చెప్పాలి."

ఎలా మొదలుపెట్టాలో తెలియనప్పుడు నివేదిక రాసే పద్ధతే గతి. తేదీ చెప్పాను. వీధి చెప్పాను, మ్యాన్‌హోల్ నెంబరు చెప్పాను, లోతు చెప్పాను, అవి నాకు నిద్రలో లేపి అడిగినా వస్తాయి. లోపలికి వెళ్ళింది మా బాబాయి అని చెప్పాను. పైన ఉండాల్సింది మా నాన్న, ఆయన ఆ సమయానికి ఎక్కడ ఉన్నాడో, ఎవరి కోసం ఉన్నాడో, ఎవరు పంపితే వెళ్ళాడో, ఆయన వచ్చేదాకా ఎవరినీ దించనన్నది ఎవరో, దించింది ఎవరో చెప్పాను. తాగి ఉన్నాడని రాసిన కాగితం ఏ గదిలో ఏ అరలో ఉందో చెప్పాను. అందులో రాసింది అబద్ధమని నాకు మొదటినుంచీ తెలుసని, నేను చెప్పలేదని, అది కూడా చెప్పాను. గొంతు ఎక్కడా వణకలేదు, ఎవరిదో మ్యాపు చదువుతున్నట్టుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మేస్త్రి దగ్గు మొదలుపెట్టి ఆపుకోలేకపోయాడు. గీత బయట నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కళ్ళే నాన్న వైపు తలలు తిప్పారు. నాన్న మాత్రం నేల చూస్తున్నాడు, పట్టుబడ్డవాడిలా.

పిన్ని గుడ్డ మడతలు విప్పింది. నా వంక చూడలేదు. ఆమె చేత నేను పడాల్సింది ఇంకా చాలా ఉంది, అది ఇక్కడ తేలేది కాదు. తన గడిలోకి, మూడో గడిలోకి వెళ్ళి, గుడ్డ రెండు మూలలు పట్టుకుని, ఎత్తబోతూ ఆగి వెనక్కి తిరిగింది.

"బావగారూ" అంది, కాస్త గట్టిగా, పొరుగింటికి కేకేసినట్టు. "అక్కడ ఎండ మాడిపోతోంది. ఇటు రండి, గుడ్డ కిందికి."

నాన్న తలెత్తాడు. ఒక అడుగు వేస్తాడనుకున్నాను. పాదాలు సర్దుకుని అక్కడే నిలబడ్డాడు.

"కదలకూడదమ్మా" అన్నాడు.